ఓర్పు అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు

"నిదానమే ప్రధానం" అని పెద్దలే చెప్పారు. "ఆలస్యం అమృతం విషం" అన్నదీ పెద్దలే. మరి ఏ మాట వినాలి? ఓర్పు అంటే ఏమిటో సరిగా తెలిస్తే రెండు మాటలూ నిజమేనని అర్థమవుతుంది.

మన వాడపల్లికి శనివారం వచ్చే జనాన్ని చూడండి. వరుసగా ఏడు శనివారాలు వెంకన్నను దర్శించుకుంటే కోరిక తీరుతుందని వారి నమ్మకం. నమ్మకం ఎవరిష్టం వారిది. కానీ అందులో మనం నేర్చుకోదగ్గది ఒకటుంది. ఎండయినా వానయినా ఏడు వారాలూ రావాలి. ఒకే రోజు ఏడుసార్లు వస్తే లెక్కలోకి రాదు. చదువు కూడా అంతే. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ బట్టీ పట్టింది త్వరగా మరచిపోతాం. రోజుకో గంట చొప్పున మళ్లీ మళ్లీ చదివింది గుర్తుంటుంది.

మన మండల కేంద్రం ఆత్రేయపురంలో పూతరేకులు తీసే అక్కలను గమనించండి. బోర్లించిన కుండ, కింద మంట, పలుచని బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే రేకు వస్తుంది. తొందరపడితే చిరుగుతుంది, ఏమరితే మాడుతుంది. ఒక్కొక్క రేకునూ అంతే శ్రద్ధతో తీయాలి. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని వెనుక ఉన్నది తరతరాల ఆ చేతుల ఓపికే.

అయితే మిత్రులారా, ఓర్పును అణిగిమణిగి ఉండటం అనుకోవద్దు. "ఓపిక పట్టండి" అంటూ మన తాతముత్తాతలను చెరువు గట్టు కూడా ఎక్కనివ్వని రోజులున్నాయి. మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదార్ చెరువు నీటిని అంటరానివారన్న పేరుతో కొందరికి నిరాకరించారు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. తన వాళ్లపై దాడులు జరిగినా ఎదురుదాడికి దిగవద్దన్నారు. వివాదం కోర్టుకెక్కింది. చివరకు 1937లో బొంబాయి హైకోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ పదేళ్లూ ఆయన ఊరికే ఎదురుచూడలేదు, పోరాడుతూనే ఉన్నారు. అసలైన ఓర్పు అదీ!

మన హాస్టల్‌లోనూ రోజూ ఓర్పుతో పని ఉంది. కుళాయి దగ్గర, భోజనం దగ్గర మన వంతు వచ్చేదాకా ఆగడం, చిన్న తరగతుల తమ్ముళ్లను నెట్టకుండా ఉండటం ఓర్పే. గదిలో లైటు వెలగకపోతే గోల చేయనక్కరలేదు, అలాగని చీకట్లో కూర్చోనూ అక్కరలేదు. వార్డెన్ గారికి అర్జీ రాయాలి. వారం గడిచినా వెలగకపోతే మళ్లీ రాయాలి. అదీ ఓర్పే.

పదో తరగతి తప్పిన తమ్ముడికి కూడా ఈ మాటే చెప్పాలి. పరీక్ష తప్పితే జీవితం తప్పినట్టు కాదు. సప్లిమెంటరీ ఉంది. ఫీజు ఈరోజే కట్టు, పుస్తకం ఈరోజే తెరువు. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు దాచకుండా చెప్పు.

కాబట్టి మొదలుపెట్టడానికి ఆలస్యం వద్దు, ఫలితానికి తొందర వద్దు. పెద్దల రెండు మాటల సారం ఇదే. ఈ వార్షికోత్సవ వేళ మనమందరం దీన్ని పాటించాలని ఆశిద్దాం.