శాస్త్రీయ సంగీత శ్రవణము – సేకరణ

శాస్త్రీయ సంగీతము పండితుల సొత్తని విద్యార్థులలో ఒక అపోహ కలదు. రాగము పేరు తెలియకున్నను వినవచ్చును. వినగా వినగా రాగమే మనకు పరిచయమగును.

మొదట ఒక్క రాగమును ఎన్నుకొందము. కర్ణాటక సంప్రదాయములో మోహన, హిందుస్తానీలో భూపాలి: రెండింటికిని స, రి, గ, ప, ద అను అయిదు స్వరములే ఆధారము. త్యాగరాజస్వామి మోహన కృతి 'నను పాలింప'ను, కిశోరీ అమోన్కర్ ఆలపించిన భూపాలిని వెంటవెంట విన్నచో, స్వరములొకటే యైనను నడకలు వేరని చెవికే తెలియును.

78 వేగపు పాత రికార్డు ఒక్కొక్క పక్క సుమారు మూడు నిమిషములే మ్రోగును. అందుచే విద్వాంసులు రాగసారమును క్లుప్తముగా అందించిరి. ప్రారంభమునకు అవియే అనువైనవి. తరువాత పక్కకు ఇరవై నిమిషములు సాగు ఎల్.పి.లు, ఆపై పూర్తి కచేరీలు వినవలెను.

సేకరణమనగా కుప్పలు పోయుట కాదు. రాగము, తాళము, గాయకుడు, పక్కవాద్యములు, సంవత్సరము ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. అంతర్జాలములో వేల పాటలు దొరకు నేడు ఈ అలవాటు మరింత అవసరము. వివరములు లేని రికార్డు చిరునామా లేని ఉత్తరము వంటిది.

బడే గులాం అలీఖాన్ 1968లో హైదరాబాదులో కన్నుమూసిరి. దాయిరా మీర్ మోమిన్‌లో వారి సమాధి కలదు. వారి గళము మాత్రము రికార్డులలో నిలిచియున్నది. మన ఇండ్లలో అటకెక్కిన రికార్డులు తూకమునకు పోకముందే గ్రంథాలయములో ఒక అల్మారా, శ్రవణమునకు వారమునకొక గంట కేటాయింపవలెనని కమిటీ పెద్దలకు మా విన్నపము.