సమ్మె నోటీసుకు ముందు ఏ చట్టమో తెలియాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె: 2015 మే 6న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రయాణికులకు ఆ వారమంతా రైళ్లు, ఆటోలే దిక్కయ్యాయి. 43 శాతం ఫిట్‌మెంట్‌కు ప్రభుత్వం అంగీకరించడంతో మే 13న సమ్మె ముగిసింది. అప్పుడు డ్రైవరు, కండక్టరు కార్పొరేషన్ ఉద్యోగులు. వారి సమ్మెకు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించేది. 2020 జనవరి 1న సిబ్బంది ప్రజా రవాణా శాఖలో విలీనమై ప్రభుత్వోద్యోగులయ్యారు. నడిపే బస్సు అదే, తిరిగే రూటు అదే. సమ్మె విషయంలో మాత్రం వారి స్థితి పూర్తిగా మారిపోయింది.

ప్రభుత్వోద్యోగులు సమ్మెలో పాల్గొనరాదని 1964 నాటి రాష్ట్ర ప్రవర్తనా నియమావళి నిర్దేశిస్తోంది. వారికి సమ్మె హక్కు లేదని తమిళనాడు ఉద్యోగుల కేసులో 2003లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అయినా నోటీసుకు ఉన్న బలం తక్కువేమీ కాదు. పీఆర్సీపై ఉద్యోగ సంఘాలు 2022 జనవరి 24న నోటీసు ఇచ్చి, ఫిబ్రవరి 7 నుంచి సమ్మె అని ప్రకటించాయి. మంత్రుల కమిటీతో చర్చలు ఫలించడంతో ఫిబ్రవరి 5నే విరమించుకున్నాయి. ప్రకటించిన సమ్మె మొదలే కాలేదు.

రైస్ మిల్లులు, కర్మాగారాల్లో పనిచేసేవారి సంగతి వేరు. పాత చట్టం ప్రకారం ప్రజోపయోగ సేవల్లో ఉన్నవారికే ముందస్తు నోటీసు తప్పనిసరి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ నిబంధనను పారిశ్రామిక సంస్థలన్నింటికీ విస్తరించింది. నోటీసు ఇచ్చిన తర్వాత 14 రోజుల లోపు సమ్మె చేయరాదు. 60 రోజులు దాటితే ఆ నోటీసు చెల్లదు. యాజమాన్యం 5 రోజుల్లో ఆ సంగతిని ప్రభుత్వానికి, రాజీ అధికారికి తెలియజేయాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. 14 రోజులు గడిచాయి కదా అని గేటు ముందు టెంటు వేస్తే సరిపోదు. రాజీ అధికారి మొదటి సమావేశం జరిపిన రోజు నుంచే రాజీ ప్రక్రియ మొదలైనట్లు లెక్క. అది నడిచినంత కాలం, ముగిసిన తర్వాత మరో 7 రోజులు సమ్మె నిషిద్ధం. సగం మంది లేదా అంతకు మించి కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా కోడ్ దానిని సమ్మెగానే పరిగణిస్తుంది. చట్టవిరుద్ధ సమ్మెకు పాత చట్టంలో జరిమానా 50 రూపాయలు. ఇప్పుడది వెయ్యి నుంచి 10 వేల రూపాయల వరకు ఉంటుంది. నెల రోజుల వరకు జైలుశిక్ష పడవచ్చు. సమ్మెకు పురిగొల్పినవారికి జరిమానా 50 వేల వరకు ఉంది. నెలజీతంపై బతికే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

జీతం మాటకొస్తే, పని చేయని రోజులకు వేతనం లేదన్నది సాధారణ సూత్రం. సమ్మె చట్టబద్ధమూ, న్యాయసమ్మతమూ అయినప్పుడే ఆ కాలానికి వేతనం అడగవచ్చని 1994లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 10 మంది లేదా అంతకు మించి కలిసి, ఉద్యోగ ఒప్పందం కోరే నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా గైర్హాజరైతే, గైర్హాజరైన రోజుల వేతనం పోవడమే కాక ఆ ఒప్పందాన్ని బట్టి మరో 8 రోజుల వేతనం వరకు కోత పడవచ్చు.

నోటీసు, చర్చలు అన్నీ జరిగినా 'ఎస్మా' రూపంలో మరో చిక్కు ఎదురుకావచ్చు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12న రాష్ట్రవ్యాప్త సమ్మె మొదలుపెట్టారు. 2024 జనవరి 6న ప్రభుత్వం అంగన్‌వాడీలను అత్యవసర సేవల కిందకు తెచ్చి, 6 నెలల పాటు సమ్మెలను నిషేధించింది. అరకొర గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు ఉద్యోగులు కాదని, సమ్మె చేసినప్పుడు అత్యవసరమని అనడం ఏపాటి న్యాయమన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. నిషేధం తర్వాత కూడా వారు వెనక్కు తగ్గలేదు. 42 రోజుల సమ్మె జనవరి 22 రాత్రి చర్చలతో ముగిసింది.

నోటీసు ప్రతిని కార్మిక శాఖకు పంపే సంఘాలు చిరునామా విషయంలోనూ జాగ్రత్త వహించాలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది.