కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు



బళ్లారిలోనో, హోసూరులోనో, పర్లాకిమిడిలోనో అప్పుడప్పుడు ఒక కారు నేలకు కరుచుకుని పోతూ కనిపిస్తుంది. కంపెనీ నుంచి అది అలా రాలేదు. స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, మలుపులో పక్కకు ఒరగడం కూడా తగ్గుతుంది. మీ ఇంట్లో కుర్రవాడు అలాంటివి కావాలంటున్నాడనుకోండి. కసరకండి, అలాగని వెంటనే డబ్బూ ఇవ్వకండి. ఇద్దరూ కూర్చుని ముందు ఒక లెక్క వేయండి.

కారు పొట్టకూ నేలకూ మధ్య ఖాళీ 165 మిల్లీమీటర్లు అనుకుందాం. మన చిన్న కార్లకు ఇంచుమించు అంతే ఉంటుంది. 35 తగ్గించే స్ప్రింగులు వేస్తే 130 మిగులుతుంది. పెళ్లికని వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని, డిక్కీలో పెట్టెలు పెడితే, వెనక భాగం ఇంకో 30 దిగిందనుకోండి. అక్కడ మిగిలింది వంద, అంటే పది సెంటీమీటర్లే.

ఇప్పుడు దారిలో స్పీడు బ్రేకరు వచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతలో కట్టింది పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత వెడల్పు ఉన్నందువల్ల చక్రాలు కూడా దానిమీదే ఎక్కుతాయి. రెండున్నర మీటర్ల ఎడంలో చక్రాలున్న కారుకు మధ్యలో పైకి లేచేది నాలుగున్నర సెంటీమీటర్లే, కాబట్టి మెల్లగా పోతే దాటవచ్చు. చిక్కంతా ఊరివాళ్లు రాత్రికి రాత్రి వేసుకున్న సన్నటి దిబ్బతోనే. అది పదిహేను సెంటీమీటర్లుంటే మొత్తం పొట్టకిందికే వస్తుంది. సైలెన్సరో, ఇంజను కింది ఆయిలు చాంబరో తగులుతుంది. మీరు రోజూ తిరిగే దారిలో అలాంటివి ఎన్నున్నాయో మీకే తెలుసు.

సరే, లెక్క చూసుకుని కూడా వేయించాలనే అనుకున్నారు. బెంగళూరు జేసీ రోడ్డుకు పోయినా, చెన్నై పుదుపేటకు పోయినా, "ఎంత దిగుతుంది?" అని మాత్రమే అడగకండి. ఎత్తు తగ్గితే స్ప్రింగు నొక్కుకోవడానికి చోటు తగ్గుతుంది. అందుకని మంచి స్ప్రింగు పొట్టిగా ఉండడమే కాదు, గట్టిగా కూడా ఉండాలి. గట్టిదనం చాలకపోతే ప్రతి గుంటలోనూ బంపు స్టాపు రబ్బరు మీద కొట్టుకుంటుంది. మరీ గట్టిదైతే వెనక కూర్చున్న అమ్మమ్మ నడుముకు శిక్ష. కొన్ని స్ప్రింగుల్లో కొన్ని చుట్లు దగ్గరగా, మిగతావి ఎడంగా ఉంటాయి. అవి మొదట మెత్తగా నొక్కుకుని, బరువు పెరిగేకొద్దీ గట్టిపడతాయి. కుటుంబంతో తిరిగే కారుకు ఈ రకమే నయం.

మీ మోడలుకే కాదు, మీ ఇంజనుకు కూడా సరిపోయేది అడగండి. డీజిలు ఇంజను బరువెక్కువ. జర్మనీలో ఇలాంటి స్ప్రింగులకు ఏ కారుకు, ఎంత యాక్సిల్ బరువుకు సరిపోతాయో రాసిన పరీక్ష కాగితం వస్తుంది. అలాంటి కాగితం చూపలేని సరుకు చవకగా వచ్చినా దండగే.

పాత స్ప్రింగునే కోసి ఇస్తామనే మెకానిక్కులుంటారు. ఖర్చు లేదు కదా అనిపిస్తుంది. ఒప్పుకోకండి. ఎనిమిది చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం పెరిగేది ఏడింట ఒక వంతే. ఎత్తు మాత్రం బాగా పడిపోతుంది. కోసిన కొస దాని గూట్లో సరిగా కూర్చోదు. చక్రం గాల్లోకి వేలాడినప్పుడు స్ప్రింగు వదులై జారవచ్చు. గ్యాసు మంటతో కాల్చి కుంగదీయడం ఇంకా ఘోరం, ఉక్కుకు పెట్టిన పదును పోతుంది.

పాత షాక్ అబ్జార్బర్లు కారుతుంటే వాటినీ మార్చాలి. ఎత్తు మారితే చక్రాల వాలు మారి, టైర్లు లోపలి అంచున అరుగుతాయి. అందుకని స్ప్రింగులు వేసిన వెంటనే ఎలైన్‌మెంటు చేయించండి, హెడ్‌లైట్లు కూడా సరిచేయించండి.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. స్ప్రింగుకు అది ఎంతవరకు వర్తిస్తుందో మీ ఆర్‌టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరా కొనకముందే అడగండి. ప్రమాదం జరిగాక అడిగితే జవాబు వేరుగా ఉండవచ్చు.

వేయించాక నాలుగు చక్రాల నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ కొలవండి. ఒక మూల మాత్రమే ఇంకా దిగి ఉంటే, బండిని తిరిగి షెడ్డుకు తీసుకుపోండి.