పురుగుమందుల వాడకం - నల్లి విజృంభణ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పంటల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పైరును ఆశించిన పురుగును చంపడానికి చల్లిన మందే కొన్ని సందర్భాలలో అంతవరకు ఉనికి తెలియని నల్లిని ప్రధాన శత్రువుగా మారుస్తుంది. ఈ పరిణామానికి గల కారణాలను వరి, మిరప పంటల ఆధారంగా వివరించడం, నల్లి కనిపించినప్పుడు అంతకుముందు చల్లిన మందుల చరిత్రను పరిశీలించవలసిన అవసరాన్ని తెలియజేయడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: నల్లి, మిత్రపురుగులు, పైరిథ్రాయిడ్‌లు, కింది ముడత, కంకినల్లి.

1. ప్రవేశిక:
మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టులోనివి. సూర్యాపేట పరిసరాలకు మూసీ ప్రాజెక్టు నీరు ఆధారం. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉన్నది. పాలనాపరంగా వేరైనా పంటల తీరులో ఈ మూడింటికీ పోలిక ఉన్నది. నీరందే చోట వరి, మెట్టభూములలో పత్తి, అక్కడక్కడ మిరప పండుతాయి. ఈ మూడు పంటలకూ నల్లి బెడద ఉన్నది.

2. నల్లి స్వభావం:
నల్లి కీటకం కాదు. ఎదిగిన కీటకానికి ఆరు కాళ్ళుంటే, ఎదిగిన నల్లికి సాధారణంగా ఎనిమిది ఉంటాయి. అది సాలీడు వర్గానికి చెందినది. అందువల్ల కీటకాలను చంపే మందులలో అనేకం నల్లిపై పనిచేయవు. వేడి, పొడి వాతావరణంలో ఎర్రనల్లి గుడ్డు నుండి పెద్దదయ్యే దశకు వారం, పది రోజులలోనే చేరుకుంటుంది. ఫలదీకరణ జరగని గుడ్ల నుండి మగ నల్లులు పుడతాయి. కాబట్టి ఒక్క ఆడ నల్లి మిగిలినా సంతతి తిరిగి మొదలవుతుంది.

3. మందు నల్లిని పెంచే విధానం:
మొదటి కారణం మిత్రపురుగుల నాశనం. అంబ్లీసియస్ జాతి పరభక్షక నల్లులు, స్టెథోరస్ అనే చిన్న అక్షింతల పురుగులు పైరులో నల్లిని తిని అదుపులో ఉంచుతాయి. పైరిథ్రాయిడ్‌ల వంటి విస్తృత ప్రభావం గల మందులకు ఇవి త్వరగా బలి అవుతాయి. ఆహారం తిరిగి లభిస్తేనే పరభక్షకాల సంఖ్య కోలుకుంటుంది గనుక, ఆ వ్యవధిలో నల్లికి అడ్డు ఉండదు.

రెండవది నల్లి ప్రవర్తనలో వచ్చే మార్పు. పైరిథ్రాయిడ్ పడిన ఆకును వదలి ఎర్రనల్లి కొత్త ఆకులకు చెదరిపోతుంది. గుంపు పలుచబడి, తాజా ఆహారం దొరకడంతో అది మరిన్ని గుడ్లు పెడుతుంది.

మూడవది మొక్కలో వచ్చే మార్పు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఎల్మ్ చెట్లను తొలిచే పురుగు నివారణకు ఇమిడాక్లోప్రిడ్ వాడిన తరువాత నల్లి విజృంభించింది. విషం చేరిన నల్లిని తిన్న పరభక్షకాలు దెబ్బతిన్నాయని, శుద్ధిచేసిన చెట్ల ఆకులు తిన్న నల్లులు అధికంగా గుడ్లు పెట్టాయని 2011లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఈ వర్గపు మందులు పత్తి, టమాట మొక్కల రక్షణ జన్యువుల పనితీరును మారుస్తాయని తరువాతి పరిశోధనలలో తేలింది.

ఈ సమస్య నేటిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం డి.డి.టి. వాడిన ఆపిల్ తోటలలో, అంతవరకు అప్రధానంగా ఉన్న ఎర్రనల్లి పెద్ద సమస్యగా మారింది.

4. పంటలలో లక్షణాలు - పొరపాట్లు:
మిరపలో తామరపురుగు ఆశిస్తే ఆకులు పైకి ముడుచుకుంటాయి, ఇది పైముడత. తెల్లనల్లి ఆశిస్తే ఆకులు తిరగేసిన పడవలా కిందికి ముడుచుకొని, కాడలు సాగుతాయి. ఇది కింది ముడత. రెండూ ఒకే మొక్కపై ఉండవచ్చు. ముడత కనిపించగానే తామరపురుగు మందు చల్లితే నల్లి మిగిలిపోతుంది; ముడత తగ్గలేదని మరొక మందు, ఆపై మందుల మిశ్రమం చల్లుతారు. 2021-22లో థ్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త తామరపురుగు తెలుగు రాష్ట్రాల మిరపను దెబ్బతీసినప్పుడు రైతులు తక్కువ వ్యవధిలో పలుమార్లు మందులు చల్లారు. అటువంటి పరిస్థితిలోనే నల్లి పెరుగుదలకు అవకాశం ఎక్కువ.

వరిలో కంకినల్లి కంటికి కనిపించనంత చిన్నది. ఇది ఆకు తొడుగు లోపల చేరి రసం పీలుస్తుంది. పొట్టకుళ్ళు కలిగించే శిలీంద్ర వ్యాప్తికి తోడ్పడుతుంది. ఫలితంగా తాలు గింజలు, మచ్చ గింజలు ఏర్పడతాయి. సన్నబియ్యం మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడలో గింజ రంగు చెడితే ధర పడిపోతుంది. మందుల ఖర్చుపై ఈ నష్టం అదనం.

5. కారణ నిర్ధారణ:
ప్రతి విజృంభణకూ మందే కారణమని చెప్పలేము. వర్షాభావం, అధిక ఉష్ణోగ్రత, అధిక నత్రజని కూడా నల్లికి అనుకూలిస్తాయి. ఒకే రకం, ఒకే నాటు తేదీ, ఒకే ఎరువు గల పొలంలో కొంత భాగాన్ని మందు చల్లకుండా విడిచి, రెండు భాగాలలోనూ ఆకుకు గల నల్లులను, పరభక్షకాలను భూతద్దంతో వారం వారం లెక్కించాలి. మందు చల్లిన భాగంలో పరభక్షకాలు తగ్గి, ఆ తరువాత నల్లి పెరిగితే మందు ప్రమేయానికి బలమైన ఆధారం లభిస్తుంది. వ్యవసాయ, జంతుశాస్త్ర విద్యార్థులు స్వల్ప వ్యయంతో చేయదగిన క్షేత్రపరిశోధన ఇది.

6. ముగింపు:
నల్లి మందుల విషయంలో రైతుకు ఎంపికలు పరిమితం. చిరకాలంగా వాడుకలో ఉన్న డైకోఫాల్‌ను కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున వాడమన్న సిఫారసు ఉన్నది. మిగిలిన ప్రత్యేక మందులు ఖరీదైనవి, పదేపదే వాడితే నల్లి వాటిని తట్టుకొనే శక్తి సంపాదించుకుంటుంది. అందువల్ల ‘నల్లికి ఏ మందు?’ అన్న ప్రశ్నకు ముందు ‘గత నెలలో ఏ మందులు చల్లారు?’ అని అడగాలి. మందు అవసరమైనప్పుడు పైరిథ్రాయిడ్‌లను విడిచి, మిత్రపురుగులకు తక్కువ హాని చేసేవి ఎంచుకోవడం రైతుకు రెండవ ఖర్చును తప్పించే మార్గం.