ఒంటరి పియానో: మార్క్ బ్లిట్జ్‌స్టైన్ నాటకరంగ జీవితం

నాటకాన్ని గురించిన మన విమర్శ సాధారణంగా మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోతుంది. రచయిత ఏం చెప్పాడు? నటుడు ఎలా చెప్పాడు? ప్రేక్షకుడు ఎలా స్వీకరించాడు? వాద్యం ముందు కూర్చున్న మనిషి ఈ లెక్కలోకి రాడు. నాటకంలోని పాటను కాగితం మీద గేయంగా చదివి, భావం అభ్యుదయకరంగా ఉందా లేదా అని తేల్చి ఊరుకుంటాం. ఆ భావం ఏ గొంతులో, ఏ శ్రుతిలో, ఏ మాట తర్వాత ఎంత విరామంతో ప్రేక్షకుణ్ణి చేరిందో ఆలోచించం. వస్తువుకూ రూపానికీ ఉన్న సంబంధాన్ని గురించి ఇంత చర్చించే మనం ఈ విషయాన్ని వదిలివేయడం న్యాయం కాదు.

మన సినిమాల మూలంగా "సంగీత దర్శకుడు" అంటే బాణీలు కట్టేవాడన్న అర్థం స్థిరపడింది. పాశ్చాత్య నాటకరంగంలో అతని పని వేరు. బాణీ మరొకరిది కావచ్చు. నటులకు పాట నేర్పడం, ఎవరి గొంతుకు ఏ శ్రుతి సరిపోతుందో నిర్ణయించడం, సంభాషణ ఎక్కడ ఆగి పాట ఎక్కడ అందుకోవాలో కుదర్చడం, ప్రదర్శన నడిచినంతసేపూ వాద్యబృందాన్నీ రంగస్థలాన్నీ ఒకే లయలో నిలపడం అతని బాధ్యత. వారాల తరబడి సాగే రిహార్సళ్లలో వాద్యబృందం ఉండదు. ఒక్క పియానో ఉంటుంది. నాటకం రూపుదిద్దుకునేది ఆ పియానో దగ్గరే. ప్రదర్శన రోజున మాత్రం అది కనిపించదు. ఆ కనిపించని పియానో ఒక రాత్రి రంగస్థలం మధ్యకు వచ్చి కూర్చున్న సంఘటన అమెరికా నాటక చరిత్రలో ఉంది. దానికి కారకుడైన మార్క్ బ్లిట్జ్‌స్టైన్ జీవితాన్ని పరిశీలిస్తే నాటకానికీ సంగీతానికీ సమాజానికీ గల సంబంధం కొంత స్పష్టమవుతుంది.

బ్లిట్జ్‌స్టైన్ 1905లో ఫిలడెల్ఫియాలో సంపన్న కుటుంబంలో పుట్టాడు. రష్యన్ పియానో విద్వాంసుడు అలెగ్జాండర్ సిలోటి దగ్గర శిక్షణ పొందాడు. ఇరవై ఒకటో ఏట ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో కలిసి లిస్ట్ కచేరీ వాయించాడు. పారిస్‌లో నాడియా బూలాంజే దగ్గర, బెర్లిన్‌లో షోన్‌బెర్గ్ దగ్గర స్వరరచన నేర్చాడు. ఆ రోజుల్లో అతని అభిప్రాయాలు పరమ శిష్టవర్గానివి. ఉత్తమ కళ కొద్దిమంది కోసమేనని నమ్మాడు. జనం కోసం స్థాయి దిగజార్చుకుంటున్నాడని కుర్ట్ వైల్‌ను ఈసడించాడు. ఈ మనిషే తర్వాత వైల్ సంగీతాన్ని అమెరికా జనానికి అందించిన వాడయ్యాడు. ఈ పరిణామాన్ని వ్యక్తిగతమైన మనసు మార్పుగా మాత్రమే చూడడం పొరపాటు. 1929 ఆర్థిక సంక్షోభం తర్వాత పనిలేని లక్షలాది మంది వీధుల్లో నిలబడిన దేశంలో "కొద్దిమంది కోసం కళ" అన్న మాట పలకడమే కష్టమైంది.

1935 ప్రాంతంలో బ్లిట్జ్‌స్టైన్ ఒక వేశ్య పాడే పాట రాసి, న్యూయార్క్ వచ్చిన బ్రెఖ్ట్‌కు వినిపించాడు. శరీరాన్ని అమ్ముకునే స్త్రీ ఒక్కతెనే చూపితే చాలదనీ, పత్రికలు, చర్చి, న్యాయస్థానాలు, కళలు అమ్ముడుపోయే తీరును కూడా చూపమనీ బ్రెఖ్ట్ సలహా ఇచ్చాడు. దాని ఫలితమే 1936లో రాసిన "ది క్రేడిల్ విల్ రాక్". పిల్లల జోలపాటను గుర్తుచేసే పేరిది. ఊయల ఊగి తీరుతుందన్న హెచ్చరిక అందులో ఉంది.

ఉక్కు పట్టణంలో కార్మిక సంఘం ఏర్పడబోతున్న రాత్రి కథ జరుగుతుంది. పట్టణమంతా మిస్టర్ మిస్టర్ అనే యజమాని చేతిలో ఉంటుంది. పత్రికా సంపాదకుడు, కళాశాల అధ్యక్షుడు, వైద్యుడు, మతబోధకుడు వరుసగా అతనికి లొంగిపోతారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మతబోధకుని ప్రసంగాలు యజమాని భార్య ఇచ్చే విరాళాన్ని బట్టి శాంతి నుంచి యుద్ధానికి మారుతూ వస్తాయి. "కళ కళ కోసమే" అంటూ ఆమె విందు కోసం పాకులాడే చిత్రకారుడూ, వాయులీన విద్వాంసుడూ రచయితలమైన మనం ప్రత్యేకంగా గమనించదగిన పాత్రలు. తాను పుట్టి పెరిగిన కళాభిప్రాయాన్నే బ్లిట్జ్‌స్టైన్ అక్కడ బోను ఎక్కించాడు.

ఈ నాటకాన్ని ప్రదర్శించడానికి పూనుకున్నది ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు. నిరుద్యోగ కళాకారులకు పని కల్పించడానికి రూజ్వెల్ట్ ప్రభుత్వం 1935లో నెలకొల్పిన సంస్థ ఇది; అధ్యక్షురాలు హాలీ ఫ్లానగన్. జాన్ హౌస్‌మన్ నిర్మాత, ఆర్సన్ వెల్స్ దర్శకుడు, లీమన్ ఎంగెల్ సంగీత నిర్వాహకుడు. అప్పటి వాతావరణం తేలికైనది కాదు. 1937 మే 30న చికాగోలో రిపబ్లిక్ స్టీల్ సమ్మెకారులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో పదిమంది మరణించారు. జూన్ 16 ప్రదర్శనకు టిక్కెట్లు అమ్ముడుపోయిన తర్వాత, జూలై 1 వరకు కొత్త నాటకాలేవీ ప్రారంభించరాదని వాషింగ్టన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. నిధుల కోత అన్నది చెప్పిన కారణం. మాక్సిన్ ఎలియట్ థియేటర్‌కు తాళం పడింది, కాపలా పెట్టారు. రంగాలంకరణ, దుస్తులు లోపలే ఉండిపోయాయి.

నటుల సంఘం తన సభ్యులు మరో యాజమాన్యం కింద రంగస్థలం ఎక్కి నటించరాదన్నది. వాద్యకారుల సంఘం బ్రాడ్వే వేతనాలు ఇమ్మన్నది. ఆ డబ్బు లేదు. కార్మిక సంఘాన్ని సమర్థించే నాటకానికి సంఘాల నిబంధనలే అడ్డురావడంలో వైరుధ్యం ఉంది. కాని ఆ నిబంధనలు కూడా కష్టపడి సాధించుకున్నవేనని మరచిపోరాదు.

జట్టు, ప్రేక్షకులు కలిసి ఇరవై ఒక్క వీధులు నడిచి వెనిస్ థియేటర్‌కు చేరారు. అద్దెకు తెచ్చిన పియానో ఒక్కటి రంగస్థలం మీద ఉంది. బ్లిట్జ్‌స్టైన్ ఒక్కడే దాని ముందు కూర్చున్నాడు. అన్ని పాత్రలూ తానే పాడడానికి సిద్ధపడి మొదలుపెట్టాడు. మొదటి పాట ఎత్తుకోగానే ప్రేక్షకుల మధ్య నుంచి సన్నని గొంతు కలిసింది. వేశ్య పాత్రధారిణి ఆలివ్ స్టాంటన్ తన స్థానంలో లేచి నిలబడి పాడుతోంది. రంగస్థలం ఎక్కరాదన్నారు గాని, కుర్చీల మధ్య లేవరాదని ఎవరూ అనలేదు. అయినా ప్రభుత్వ సహాయ వేతనం మీద బతికే నటికి అది చిన్న సాహసం కాదు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. వాద్యబృందంలో నుంచి ఒకే ఒక అకార్డియన్ వాద్యకారుడు తోడుగా వాయించాడు. రాని నటుల పాత్రలు కొన్నింటిని బ్లిట్జ్‌స్టైనే పాడాడు. రంగం మారినప్పుడల్లా అది ఎక్కడ జరుగుతున్నదో తానే చెప్పాడు.

ఈ సంఘటనను ఆశువుగా జరిగిన అద్భుతంగా చెప్పుకోవడం అలవాటైంది. నిజానికి అది ఆశువు కాదు. నిర్మాతల కోసం వెతికిన రోజుల్లో బ్లిట్జ్‌స్టైన్ ఈ నాటకం మొత్తాన్ని పియానో వాయిస్తూ ఎన్నోచోట్ల ఒంటరిగా పాడి వినిపించాడు. కాబట్టి అది అతని వేళ్లలో ఉంది. రెండవది, పాటలను గాయకుల కోసం గాక నటుల కోసం రాశాడు. మాట నుంచి పాటకు, పాట నుంచి మాటకు తెలియకుండా జారిపోయే రచన అది. దానికి పెద్ద వాద్యబృందపు ఆసరా తప్పనిసరి కాదు. మూడవది, నటులు హాలులో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు వారందరినీ ఒక లయలో పట్టి ఉంచడమన్నది సంగీత నిర్వాహకుని మౌలికమైన పని. ఆ రాత్రి జరిగింది అదే. మన పద్యనాటకంలో హార్మోనిస్టు శ్రుతి అందించి, నటుడు తడబడితే ఆదుకుని నడిపించడం చూసినవారికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక్క పియానోతో నెగ్గింది కనుక పేదరికమే ప్రజాకళకు తగిన శిల్పమని కొందరు సిద్ధాంతీకరిస్తారు. బ్లిట్జ్‌స్టైన్ ఈ నాటకానికి వాద్యబృందం కోసం పూర్తి స్వరరచన చేశాడు. 1960లో న్యూయార్క్ సిటీ ఒపేరా దాన్ని వాద్యబృందంతోనే ప్రదర్శించింది. పియానో అతను కోరుకున్న శిల్పం కాదు, తాళం వేసిన తలుపు ముందు మిగిలిన మార్గం. ఆ రాత్రి వాయించలేకపోయిన వాద్యకారులు కూడా కూలివాళ్లే. 'మాభూమి' నిషేధానికి గురైన చరిత్ర తెలిసిన మనం అడ్డంకిని ఎదిరించినవారిని గౌరవించాలి, అడ్డంకిని గౌరవించనక్కరలేదు.

తర్వాతి జీవితాన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. నాటకం 1938లో విండ్సర్ థియేటర్‌లో 108 ప్రదర్శనలు జరుపుకున్నది. 1939లో హార్వర్డ్ విద్యార్థి లెనర్డ్ బెర్న్‌స్టైన్ పియానో ముందు కూర్చుని దీన్ని ప్రదర్శించాడు. అదే ఏడు కాంగ్రెసు ఫెడరల్ థియేటర్‌ను మూసివేసింది. యుద్ధకాలంలో బ్లిట్జ్‌స్టైన్ లండన్‌లో అమెరికన్ వైమానిక దళంలో పనిచేశాడు. 1949లో "రెజీనా" ఒపేరా వచ్చింది.

అయితే అతనికి విస్తృతమైన ప్రజాదరణ తెచ్చింది అనువాదం. బ్రెఖ్ట్, వైల్‌ల "త్రీపెన్నీ ఒపేరా"కు అతను చేసిన ఇంగ్లీషు రూపం 1954లో న్యూయార్క్‌లోని ఒక చిన్న థియేటర్‌లో మొదలై, మధ్యలో ఆగినా 1961 వరకు 2,600కు పైగా ప్రదర్శనలు పొందింది. ఏ అక్షరం మీద స్వరం నిలుస్తుందో, నటుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో వేళ్లతో తెలిసినవాడు కాబట్టి అతని మాటలు నోట్లో ఒదిగాయి. అందులోని దొంగ మెకీత్ పాట నాటకం నుంచి విడిపోయి రేడియోల్లో హుషారు గీతంగా మారడం మరో సంగతి. సందర్భం నుంచి తెగిన పాట ఎవరికైనా సేవ చేస్తుంది.

1958లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం పిలిచినప్పుడు ఒకప్పుడు తాను కమ్యూనిస్టు పార్టీ సభ్యుణ్ణని ఒప్పుకున్నాడు. ఇతరుల పేర్లు చెప్పడానికి నిరాకరించాడు. 1964 జనవరిలో మార్టినీక్ దీవిలో నావికులు చేసిన దాడిలో గాయపడి చనిపోయాడు. సాకో, వాంజెట్టీల గురించి రాస్తున్న ఒపేరా అసంపూర్తిగా మిగిలింది.

అతని రచనలో లోపాలు లేకపోలేదు. అమ్ముడుపోయినవారు సజీవంగా కనిపించినంతగా పోరాడే కార్మికుడు కనిపించడు. యజమాని వ్యంగ్యచిత్రంగా మిగిలిపోతాడు. అయినా నాటకం రాయబోయే మన యువరచయితలు అతని నుంచి నేర్చుకోవలసింది ఉంది. పాటను పూర్తిచేసి తర్వాత ఎవరితోనో బాణీ కట్టించుకునే పద్ధతి మానుకోవాలి. రచన దశలోనే హార్మోనిస్టు పక్కన కూర్చోవాలి. ఏ మాట నటుని గొంతులో ఆగిపోతున్నదో అక్కడే తెలుస్తుంది. సిద్ధాంతం ఎంత సరైనదైనా, నోట్లో పలకని మాట ప్రేక్షకుని చెవికి చేరదు.