నడుముకు బరువైన రివాల్వర్

1873లో కోల్ట్ కంపెనీ అమెరికా సైన్యం కోసం చేసిన సింగిల్ యాక్షన్ (ప్రతి గుండుకూ హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టే సుత్తిని, వేలితో వెనక్కి లాగి కాల్చే) రివాల్వర్ తూటాలు లేకుండానే కిలోకు పైగా తూగుతుంది. గొట్టం ఒక్కటే ఏడున్నర అంగుళాలు. గుర్రం మీద తిరిగే సైనికుడికి అది పెద్ద భారం కాదు. నడిచి తిరిగే మనిషి దాన్ని రోజంతా నడుముకు కట్టుకోవాలంటే మాత్రం తుంటి ఎముక నొప్పెడుతుంది, బెల్టు కిందికి జారుతుంది, కూర్చున్నప్పుడల్లా గొట్టం కొస తొడలో గుచ్చుకుంటుంది. అందుకే అమెరికాలో ఆ రకం రివాల్వర్లను తేలిక చేసి ఇవ్వడం ఒక చేతిపనిగా స్థిరపడింది. మన వైపు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఆత్మరక్షణ లైసెన్సు మీద నడుముకు చేరే తుపాకి సాధారణంగా కాన్పూరులో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్. కోల్ట్ కన్నా అది చాలా తేలిక, సుమారు 700 గ్రాములు. అయినా పల్చని నూలు చొక్కాల మీద, పంచెల మీద, కొల్లేటి గాలిలోని ఉక్కలో ఆ 700 గ్రాములూ బరువే. ఎక్కడున్నవాళ్లకైనా ప్రశ్న ఒకటే: ఈ బరువు తగ్గించుకోవచ్చా? తగ్గించుకోవచ్చు. అయితే ఆ పని తుపాకి చేసినవాడు చెయ్యాలి, లేదా బెల్టు కుట్టేవాడు చెయ్యాలి. తుపాకి సొంతదారు ఆకురాయితో చెయ్యాల్సిన పని కాదది.

కారణం పేలుడులోనే ఉంది. మందు అంటుకోగానే సిలిండర్ అరలో పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు వెయ్యి రెట్లకు చేరుతుంది. గుండు ముందుకు దూకినంత ఊపుతో తుపాకి వెనక్కి తంతుంది. ఆ ఊపు తూటాది కాబట్టి తుపాకి బరువును బట్టి మారదు. తుపాకి తేలికయ్యేకొద్దీ వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది. అదే తూటాను బరువు సగానికి తగ్గిన తుపాకిలో కాలిస్తే వెనక్కి వచ్చే వేగం రెట్టింపు, చెయ్యి ఓర్చుకోవాల్సిన శక్తీ రెట్టింపు. 700 గ్రాముల రివాల్వర్ 500కు తగ్గితే ఆ శక్తి 40 శాతం పెరుగుతుంది. మొదటి గుండు ఎలాగో వెళ్తుంది. రెండోది కాల్చేలోపు చెయ్యి పైకి లేచిపోతుంది, గురి తప్పుతుంది. తన్ను ఎక్కువైన తుపాకితో సాధన చెయ్యడానికి మనిషికి మనసు రాదు. సాధన లేని చేతిలో తుపాకి ఉండటం ఎదుటివాడికంటే పక్కవాడికే ఎక్కువ ప్రమాదం. అంటే నడుము దింపుకున్న భారాన్ని మణికట్టు మొయ్యాలి.

సైన్యాలు ఈ లెక్కను అనుభవంతో నేర్చుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ పాయింట్ 455 తూటాది, బరువు కిలో పైమాటే. కొత్తగా చేరినవాళ్లకు దానితో గురి నేర్పడం కష్టమైంది. యుద్ధం తర్వాత వాళ్లు ముందు తూటాను మార్చారు. పాయింట్ 38కి దిగి, ఆ చిన్న తూటాకు సరిపడేలా ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్‌ను రూపొందించారు. దాని బరువు ముప్పావు కిలో. తర్వాత 1938లో హ్యామర్ మీది ముక్కును తీసేసిన రకం వచ్చింది. ఇరుకైన ట్యాంకుల్లో బట్టలకూ తీగలకూ చిక్కుకోకూడదని అలా చేశారంటారు. తాడేపల్లిగూడెంలో రన్‌వే వేసిన రోజుల్లో, అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, బ్రిటిష్ సేనల అధికారుల నడుముకు ఉన్నది ఈ తరం రివాల్వరే. మన కాన్పూరు పాయింట్ 32 కూడా రూపురేఖల్లో ఆ వెబ్లీ కుటుంబానిదే: నడిమికి విరిచి తూటాలు పెట్టుకునే పద్ధతి, అదే ఒంపు పిడి.

అమెరికా వైమానిక దళం దీనికి ఎదురు దారి పట్టింది. 1950ల మొదట్లో విమాన సిబ్బంది కోసం ఎయిర్‌క్రూమన్ అనే రివాల్వర్ చేయించారు. తూటా మాత్రం పాయింట్ 38 స్పెషలే. చట్రమూ అల్యూమినియమే, పేలుడు జరిగే సిలిండరూ అల్యూమినియమే. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియనంత తేలిక. కానీ కాల్చినప్పుడు సిలిండర్లు పగిలాయి. పీడనం తక్కువున్న ప్రత్యేక తూటాలు చేసి చూశారు. చివరికి ఆ తుపాకులను వెనక్కి తీసుకుని దాదాపు అన్నిటినీ ధ్వంసం చేశారు. అదే కాలంలో కోల్ట్ కంపెనీ చట్రం వరకే అల్యూమినియం వాడి, సిలిండర్‌నూ గొట్టాన్నీ ఉక్కుతోనే ఉంచిన కోబ్రా మాత్రం ఏళ్ల తరబడి అమ్ముడుపోయింది. పీడనాన్ని ఆపే చోట లోహాన్ని ముట్టుకోకూడదని, పట్టుకుని మోసే చోట తగ్గించుకోవచ్చని ఈ రెండు తుపాకులే చూపించాయి.

మన దేశంలోనూ ఈ ప్రయత్నం జరిగింది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చింది. పాయింట్ 32 తూటానే. టైటానియం మిశ్రమలోహం వాడి బరువును 500 గ్రాములకు దించారు. ధర లక్షా ఇరవై వేలు దాటింది. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పడుతుందని ప్రచారం చేశారు. ఆడవాళ్ల భద్రతను ఇలా ఆడవాళ్ల నెత్తినే వెయ్యడమేమిటని అప్పుడే విమర్శలొచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదని నా అభిప్రాయం. తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 250 గ్రాముల నిడర్ రివాల్వర్ చేసింది. పావుకిలోకు దిగడం వాళ్లకెలా సాధ్యమైందంటే పాయింట్ 32ని వదిలి పాయింట్ 22కు వచ్చారు కాబట్టి. తూటా చిన్నది కాకుండా ఆ బరువుకు దిగే దారి వాళ్లకూ లేదు. పైగా ఫ్యాక్టరీలో తయారైన ప్రతి తుపాకినీ మామూలుకంటే ఎక్కువ పీడనమున్న తూటాతో పరీక్షించి ముద్ర వేస్తారు. ఇంట్లోనో లేత్ షెడ్డులోనో తేలిక చేసిన తుపాకికి ఆ ముద్ర పేరుకే మిగులుతుంది, ఎందుకంటే పరీక్ష జరిగింది పాత లోహానికి.

విదేశాల్లో పేరున్న పనివాళ్లు సింగిల్ యాక్షన్లను చక్కగా తేలిక చేస్తున్నారు కదా, మనకెందుకు కుదరదని ఎవరైనా అడగవచ్చు. వాళ్లు ఏం చేస్తారో దగ్గరగా చూడాలి. ఉక్కు పిడి చట్రం తీసి అల్యూమినియంది వేస్తారు. పిడి అడుగు మూలను గుండ్రంగా మలుస్తారు, చొక్కా ఎత్తి చూపించకుండా ఉంటుందని. సిలిండర్ ముందు అంచును ఏటవాలుగా చెక్కుతారు, ఒరలోకి తట్టుకోకుండా జారుతుందని. హ్యామర్ ముక్కును కిందికి వంచుతారు. ఇవన్నీ ఒంటికి గుచ్చుకునే అంచులు, పీడనంతో సంబంధం లేని చోట్లు. సిలిండర్ గోడను పల్చన చేసే మంచి పనివాడు లేడు. సిలిండర్‌ను తిప్పి ఆపే గాట్లు బయటివైపు తూటా అరల మీదే పడతాయి, అక్కడ గోడ అసలే పల్చన. గొట్టం కురచ చేస్తే ఇంకో చిక్కు. ఈ రకంలో కాల్చిన ఖాళీ తొడుగులను గొట్టం పక్కన బిగించిన కడ్డీతో ఒక్కొక్కటిగా వెనక్కి నెట్టాలి. గొట్టంతోపాటు ఆ కడ్డీ కూడా కురచ చెయ్యాల్సి వస్తుంది, అప్పుడు తొడుగు సగం వచ్చి అరలోనే ఆగిపోతుంది. దాన్ని గోటితో పీక్కోవాలి.

తేలిక చెయ్యడం కంటే ముందు చూడాల్సింది భద్రంగా మొయ్యగలమా అన్నది. పాత సింగిల్ యాక్షన్లో ప్రైమర్‌ను (తూటా అడుగున మందును అంటించే భాగాన్ని) కొట్టే సూది హ్యామర్‌కే ఉంటుంది. హ్యామర్ దించి ఉంచితే ఆ సూది కొస తూటా ప్రైమర్ మీదే ఆనుకుని ఉంటుంది. జారి నేల మీద పడి హ్యామర్‌కు దెబ్బ తగిలితే మీట నొక్కకుండానే పేలుతుంది. అందుకే ఆరు అరల తుపాకిలో అయిదే నింపి, ఖాళీ అర మీద హ్యామర్‌ను దించి మొయ్యడం పాత అలవాటు. 1973లో రూగర్ కంపెనీ సూదికీ హ్యామర్‌కూ మధ్య ఒక పలక పెట్టింది. మీట నొక్కి ఉంచితే తప్ప ఆ పలక పైకి లేవదు, దెబ్బ సూదికి అందదు. పాత తుపాకులకు కూడా ఆ మార్పు ఉచితంగా చేసి ఇస్తామని తర్వాత ప్రకటించింది. అరకిలో బరువు తగ్గించిన ఏ పనికన్నా నా లెక్కలో ఈ చిన్న పలకే గొప్ప మార్పు.

బరువని ఇంట్లో వదిలేసిన తుపాకి ఎందుకు పనికొస్తుంది అనేది ఇంకో అభ్యంతరం. అందులో నిజముంది. దానికి మందు తోలుపనిలో దొరుకుతుంది. పల్చని బెల్టుకు తగిలించిన 700 గ్రాములు ఒక్క చోటే లాగుతాయి. వెడల్పుగా, దళసరిగా, రెండు పొరలు కలిపి కుట్టిన బెల్టు అదే బరువును నడుము చుట్టూ పంచుతుంది. ఒర తుపాకిని ఒంటికి దగ్గరగా, కాస్త ఎత్తుగా పట్టి ఉంచాలి, మీటను పూర్తిగా కప్పాలి. లుంగీ మడతలోనో ప్యాంటు జేబులోనో తుపాకి దోపుకోవడం ఎంత తేలికగా అనిపించినా చెయ్యకూడదు. 2016 ఆయుధాల నియమాలు కూడా బహిరంగ ప్రదేశాల్లో చేతి తుపాకి ఒరలోనే ఉండాలంటున్నాయి. మన వైపు ఉక్కకు చెమట ఉప్పు ఉక్కును తినేస్తుంది, తోలు బూజు పడుతుంది. రాత్రి తుపాకిని ఒరలోంచి తీసి, తుడిచి, నూనె పూసి తాళం వేసి పెట్టాలి. ఒరలోనే వదిలేస్తే వర్షాకాలంలో తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.

తుపాకిని కోసి మార్చే విషయంలో చట్టం రెండో ఆలోచనకు తావివ్వదు. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం అందుకు ప్రత్యేక లైసెన్సు లేకుండా గొట్టం కురచ చెయ్యడమే నేరం. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. తుపాకి మార్పులకూ మరమ్మతులకూ 5వ సెక్షన్ కింద లైసెన్సున్నవాడే అర్హుడు. శిక్ష మరీ కఠినమని అనేవాళ్లున్నారు. కురచ గొట్టపు తుపాకిని చొక్కా కింద దాచుకోవడం ఎంత సులువో ఆలోచిస్తే, హాయిగా మోసుకోవడానికీ నేరానికీ మధ్య గీత గీయడం పోలీసుకు ఎంత కష్టమో తెలుస్తుంది. చట్టం ఆ గీతను లోహం దగ్గరే గీసింది.

కొల్లేరు చుట్టుపక్కల వాళ్లకు ఇంకో చట్టం కూడా వర్తిస్తుంది. 1999లో కొల్లేరును అయిదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనూ వెళ్లకూడదు. ఆత్మరక్షణ లైసెన్సు జేబులో ఉన్నా, తుపాకి పావుకిలోదే అయినా అంతే. 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే వార్డెన్ సమ్మతి ముందే కావాలి. ఆటపాక పక్షుల కేంద్రాన్ని ఆనుకుని ఉన్న కైకలూరుకు ఇది నేరుగా తగులుతుంది. పెలికాన్ల కోసం పెట్టిన నియమం మనుషుల భద్రతకు అడ్డమా అని అడగవచ్చు. చిత్తడినేలలో తుపాకి చప్పుడు వినపడితే గూళ్లలోని పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి, పిల్లలు ఎండకూ కాకులకూ గురవుతాయి. ఆ నియమం ఉండి తీరాల్సిందే.

తాతల నాటి రివాల్వర్ ఇంట్లో ఉండి, లైసెన్సుదారు కాలం చేసిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉంటే వాళ్లకు ఒక మాట. దాన్ని తేలిక చేయించాలని, మెరుగు పెట్టించాలని ఎవరి చేతికీ ఇవ్వకండి. 21వ సెక్షన్ ప్రకారం దగ్గరి పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వారసుడిగా లైసెన్సు కావాలంటే ఏలూరు జిల్లావాళ్లు ఏలూరు కలెక్టరేట్‌లో, తాడేపల్లిగూడెంవాళ్లు భీమవరం కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోండి. 2019 తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నది కూడా గుర్తుపెట్టుకోండి.