గడ్డి కోసే మెషిన్ నుంచి 6 గేర్ల దాకా: కార్ట్ ఇంజిన్ ఎలా మారింది?

గో-కార్టింగ్ ట్రాక్‌లో డబ్బులు కట్టి నడిపే కార్టుకి గేర్లు ఉండవు. ఒక కాలు యాక్సిలరేటర్ మీద, ఇంకోటి బ్రేక్ మీద, అంతే. కానీ అంతర్జాతీయ రేసుల్లో పరుగెత్తే ‘కేజెడ్’ కార్టుకి 6 గేర్లు ఉంటాయి. ఇంత చిన్న బండికి అన్ని గేర్లెందుకు?

మొదట్లో గేర్ల మాటే లేదు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ తొలి కార్టు తయారు చేశారు. దానికి బిగించింది గడ్డి కోసే మెషిన్ కోసం చేసిన వెస్ట్ బెండ్ టూ-స్ట్రోక్ ఇంజిన్.

టూ-స్ట్రోక్‌తో ఒక చిక్కుంది. పాత ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకి ఇది బాగా తెలుసు. మొదట నెమ్మదిగా ఉంటుంది, ఆర్‌పీఎం ఒక దశ దాటగానే ఒక్కసారిగా లాగుతుంది. రేసు కోసం ట్యూన్ చేసేకొద్దీ ఆ లాగే రేంజ్ ఇంకా ఇరుకైపోతుంది. మలుపులో స్పీడ్ తగ్గితే ఇంజిన్ ఆ రేంజ్‌లోంచి జారిపోతుంది. దాన్ని మళ్లీ పైకి తేవాలంటే గేరు మార్చాల్సిందే.

అందుకే బైక్ ఇంజిన్ల మీద కన్నుపడింది. ఇంజిన్, క్లచ్, గేర్లు అన్నీ ఒకే కేసింగ్‌లో రెడీగా దొరుకుతాయి కదా! 1960లలో బ్రిటన్‌లో విలియర్స్ 197 సీసీ ఇంజిన్లు వాడారు. తర్వాత అమెరికాలో హోండా సీఆర్125 మోటోక్రాస్ ఇంజిన్ బాగా పేరు తెచ్చుకుంది.

కానీ అరువు సొమ్ము ఎంతకాలం? ఫోర్-స్ట్రోక్‌లు వచ్చాక సీఆర్125 తయారీ 2007తో ఆగిపోయింది. యూరప్‌లో మాత్రం టీఎమ్, వోర్టెక్స్, మాక్స్‌టర్ లాంటి ఇటలీ కంపెనీలు కార్టు కోసమే ఇంజిన్లు చేస్తున్నాయి. అక్కడి ఐసీసీ క్లాసుకి 2007లోనే కేజెడ్ అని పేరు మారింది.

రూల్స్ గట్టివే. 125 సీసీ, ఒకే సిలిండర్, వాటర్ కూలింగ్, రీడ్ వాల్వ్, 30 ఎంఎం కార్బురేటర్. అయినా పవర్ దాదాపు 45 నుంచి 50 హార్స్‌పవర్. ఆర్‌ఎక్స్ 100ది 11 మాత్రమే! గేరు మార్చేది స్టీరింగ్ పక్కనున్న లివర్‌తో, చేత్తోనే. క్లచ్ పని ముఖ్యంగా స్టార్టింగ్‌లోనే.

ఈసారి కేజెడ్ రేసు వీడియో దొరికితే బొమ్మ కంటే ముందు సౌండ్ వినండి. మలుపు ముందు టకటకా గేర్లు దిగుతాయి, దాటగానే ఒక్కొక్కటీ ఎక్కుతాయి. ఒక్క గేరు తప్పిందా, వెనకవాడు ముందుకెళ్లిపోతాడు.